పాఠం 7: ఆధునిక కారులో పార్కింగ్ బ్రేకు, డ్రైవరు సహాయక వ్యవస్థలు

7.1 పరిచయం

పెడల్ మీద కాలు మోపినప్పుడు ద్రవపీడనం నాలుగు చక్రాలకు ఎలా చేరుతుందో కిందటి పాఠంలో తెలుసుకున్నారు. అక్కడ బండిని ఆపేది డ్రైవరేనని మనం అనుకుంటూ వచ్చాం. ఇప్పుడు వస్తున్న కార్లలో అలా అనుకోవడానికి వీల్లేదు. సిగ్నల్ దగ్గర కాలు తీసినా బండి కదలకుండా నిలబడుతుంది. ముందు వెళ్తున్న బస్సు వేగం తగ్గితే మన బండి కూడా తనంతట తానే తగ్గుతుంది. ఇంజను ఆపితే హ్యాండ్ బ్రేకు తానే పడుతుంది. ఇవన్నీ సౌకర్యాలే. అయితే వీటిలో ప్రతిదీ డ్రైవరు చేతిలోని ఒక పనిని కాసేపు తీసుకుని, మళ్లీ తిరిగి ఇచ్చేస్తుంది. తిరిగి ఇచ్చిన సంగతి డ్రైవరుకు తెలియకపోతే, ఆ క్షణంలో బండి ఎవరి ఆధీనంలోనూ ఉండదు.

కాబట్టి ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను దగ్గర ఉంచుకోండి: ఇప్పుడు ఈ బండిని పట్టుకుని ఉన్నది ఎవరు? మీలో కొందరు టాక్సీ నడుపుతూ చదువుకుంటున్నారు. కొందరి ఇంట్లో అసలు కారే లేదు. కారు లేనివారు ఈ పాఠాన్ని దాటవేయనక్కర్లేదు. ఇందులో ఉన్నది ఎక్కువ భాగం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే.

7.2 వాలులో నిలిపిన కారు

ముందుగా చిన్న లెక్క వేద్దాం. 1,500 కిలోల కారును 10 శాతం వాలు మీద నిలిపామనుకోండి. 10 శాతం వాలు అంటే పది మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు ఎత్తు పెరగడం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే ర్యాంపులు చాలావరకు ఇంతకంటే నిటారుగానే ఉంటాయి. ఆ వాలులో గురుత్వాకర్షణ కారును కిందికి లాగే బలం దాని బరువులో సుమారు పదో వంతు, అంటే 150 కిలోల బరువుకు సమానం. బ్రేకు వదిలేస్తే చక్రాల రాపిడి పోగా త్వరణం సెకనుకు సెకనుకు 0.8 మీటర్లు ఉందనుకుందాం. అయిదు సెకన్లలో వేగం సెకనుకు 4 మీటర్లు, అంటే గంటకు 14 కిలోమీటర్లు దాటుతుంది. అప్పటికి బండి పది మీటర్లు వెళ్లిపోయి ఉంటుంది.

అయిదు సెకన్లు అంటే డ్రైవరు దిగి, గేటు దగ్గరికి నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసేంత సమయం. ఆ వేగంతో వస్తున్న ఒకటిన్నర టన్నుల బండిని చేతులు అడ్డం పెట్టి ఆపగల మనిషి లేడు. అయినా చాలామంది ప్రయత్నిస్తారు. గేటుకూ కారుకూ మధ్య, గోడకూ కారుకూ మధ్య మనుషులు నలిగిపోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. ఇటువంటి ప్రమాదం జాతీయ రహదారి మీద జరగదు, ఇంటి ముందు జరుగుతుంది. వెనుక ఉన్నది చాలాసార్లు ఇంటివాళ్లే.

చట్టం కూడా ఈ విషయాన్ని విడిచిపెట్టలేదు. డ్రైవరు సీట్లో లైసెన్సు ఉన్న మనిషి లేకుండా బహిరంగ స్థలంలో బండిని నిలిపితే, ఇంజను ఆపి, బ్రేకు వేసి, బండి తనంతట తాను కదలకుండా ఏర్పాటు చేసి ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 126వ సెక్షన్ చెబుతుంది. గుర్తుంచుకోండి, ఈ బాధ్యత బ్రేకుది కాదు, బండిని అక్కడ నిలిపినవారిది.

7.3 లివరు నుంచి స్విచ్ దాకా

పాత పద్ధతి హ్యాండ్ బ్రేకులో సీట్ల మధ్య ఒక లివరు, దానికి కట్టిన ఉక్కు కేబుల్, ఆ కేబుల్ చివర వెనుక చక్రాల బ్రేకులు ఉంటాయి. టక్, టక్ మని పళ్లు పడే చప్పుడు వింటూ ఎంత గట్టిగా లాగారో చేతికే తెలుస్తుంది. ఇంత సరళమైన యంత్రం కారులో మరొకటి లేదనే చెప్పాలి. దానికి బ్యాటరీతో పనిలేదు. అయితే కాలం గడిచేకొద్దీ కేబుల్ సాగుతుంది, మూడు పళ్లకు పట్టవలసింది ఏడెనిమిది పళ్లకు గాని పట్టదు. చేతిలో బలం తక్కువగా ఉన్నవారు సగం లాగి వదిలేస్తారు. సగం పడిన బ్రేకు చదును నేల మీద బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వాలులో దాని సంగతి తేలుతుంది.

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకులో లివరు స్థానంలో చిన్న స్విచ్ ఉంటుంది. దాని మీద వృత్తంలో పి అక్షరం కనిపిస్తుంది. ఎక్కువ కార్లలో స్విచ్‌ను పైకి లాగితే బ్రేకు పడుతుంది, కాలి బ్రేకు నొక్కి ఉంచి కిందికి నొక్కితే వదులుతుంది. స్విచ్ లాగినప్పుడు వెనుక చక్రాల దగ్గర నుంచి ‘జ్‌జ్’ మనే సన్నని శబ్దం వినిపిస్తుంది. వెనుక బ్రేకు కాలిపర్ మీద అమర్చిన చిన్న విద్యుత్ మోటారు తిరుగుతున్న శబ్దం అది. మోటారు వేగాన్ని పళ్ల చక్రాలు తగ్గించి బలాన్ని పెంచుతాయి, ఆ బలంతో ఒక మర తిరిగి పిస్టన్‌ను ముందుకు నెడుతుంది, పిస్టన్ బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. బ్యాటరీ అయిపోతే బ్రేకు కూడా వదిలేస్తుందేమో అని భయపడతారు. అలా జరగదు. బిగించడానికీ వదలడానికీ మాత్రమే విద్యుత్తు కావాలి, బిగిసి ఉండటానికి అక్కర్లేదు. జాకీ మరను ఒకసారి పైకి తిప్పాక కారు బరువు దానంతట అది మరను వెనక్కి తిప్పలేదు కదా, ఇదీ అంతే. అసలు ఇబ్బంది దానికి తిరగబడి వస్తుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పడి ఉన్న బ్రేకు వదలదు. వెనుక చక్రాలు బిగుసుకున్న బండిని నలుగురు కలిసి నెట్టినా కదలదు. తాడు కట్టి ఈడ్చితే టైర్లు అరుగుతాయి, బ్రేకులు పాడవుతాయి. అటువంటప్పుడు మరో బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేసి బ్రేకును వదిలించాలి, లేదా బండిని మొత్తంగా ఎత్తి తీసుకువెళ్లే వాహనాన్ని పిలవాలి.

మన ఊళ్లలో మరో అలవాటుంది. ఇరుకైన పార్కింగులో ఇంకొకరి కారుకు అడ్డంగా మన బండిని పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయకుండా వెళ్లిపోతాం. అవసరమైనవారు నెట్టుకుంటారు. ఎలక్ట్రానిక్ బ్రేకు ఉన్న అనేక కార్లలో ఇంజను ఆపగానే బ్రేకు తానే పడుతుంది కనుక ఈ ఏర్పాటు సాగదు. కావాలని న్యూట్రల్‌లో వదిలే పద్ధతి కొన్ని కార్లలో ఉంది, అది ఆయా మాన్యువల్‌లో ఉంటుంది. ఏమైనా నేల చదునుగా ఉందని కంటితో చూసి ఆ పని చేయడం మంచిది కాదు. కంటికి చదునుగా తోచే నేల మీద కూడా కారు మెల్లగా కదలడం సెల్లార్ కాపలాదారులందరూ చూసినదే.

మరమ్మతు సంగతి ఒక్క మాటలో: ఈ కార్లలో వెనుక ప్యాడ్లు మార్చేటప్పుడు ముందుగా బ్రేకును సర్వీసు స్థితిలోకి తేవాలి. అలా చేయకుండా పిస్టన్‌ను పాత పద్ధతిలో బలవంతంగా వెనక్కి నెడితే లోపలి మర దెబ్బతింటుంది. మీ మెకానిక్‌కు ఈ సంగతి తెలుసో లేదో పని మొదలుపెట్టక ముందే అడగండి.

7.4 ఆటో హోల్డ్ పార్కింగ్ బ్రేకు కాదు

పేర్లు దగ్గరగా ఉండటం వల్ల విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. స్విచ్ పక్కనే ఆటో హోల్డ్ అని మరో బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచితే, కాలి బ్రేకుతో బండిని పూర్తిగా ఆపిన తర్వాత పెడల్ వదిలినా బండి కదలదు. మళ్లీ యాక్సిలరేటర్ తాకగానే కదులుతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో, బెంజ్ సర్కిల్ దగ్గరో రోజూ ఆగే కాలికి ఇది నిజంగా పెద్ద ఊరట.

మరి అప్పుడు బండిని పట్టుకుని ఉన్నది ఎవరు? మోటారు కాదు, మర కాదు. మీరు కాలితో పుట్టించిన ద్రవపీడనమే. బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ వ్యవస్థలోని కవాటాలు మూసుకుని ఆ పీడనాన్ని గొట్టాల్లోనే నిలిపి ఉంచుతాయి. కవాటాలు మూసుకుని ఉండాలంటే విద్యుత్తు అందుతూ ఉండాలి. అందువల్ల ఇది కొద్దిసేపటి ఏర్పాటు మాత్రమే. కొన్ని నిమిషాలు గడిచినా, డ్రైవరు బెల్టు తీసినా, తలుపు తెరిచినా, ఇంజను ఆపినా, ఎక్కువ కార్లలో ఈ పని పార్కింగ్ బ్రేకుకు బదిలీ అవుతుంది. ‘ఎక్కువ కార్లలో’ అన్న మాట గమనించండి. ఏ కారులో ఏ షరతుకు బదిలీ అవుతుందో ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా పెట్టారు.

అందుకే నియమం సరళంగా ఉండాలి. సీట్లో ఉన్నంతసేపే ఆటో హోల్డ్. టోల్ గేటు దగ్గర జారిపడిన పర్సు కోసమైనా సరే, సీటు దిగాలంటే పార్కింగ్ బ్రేకు మీ చేతితో వేసి, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగిందని చూసి, గేరును పి లోకి తెచ్చి దిగాలి. ఆటో హోల్డ్ పట్టుకున్నప్పుడు వెలిగేది చాలా కార్లలో ఆకుపచ్చ దీపం. ఆకుపచ్చ వెలుగుతుంటే దిగకూడదు, ఎరుపు వెలిగాకే దిగాలి. ట్రాఫిక్ సిగ్నల్ రంగులకు ఇది సరిగ్గా తిరగబడిన వరస కావడం వింతే గాని, అలా గుర్తుపెట్టుకుంటే మరచిపోరు.

ఇరుకు స్థలంలో వెనక్కి తీస్తున్నప్పుడు ఆటో హోల్డ్ ఆపివేయడం మంచిది. అంగుళం అంగుళం కదపవలసిన చోట అది పట్టుకుని, యాక్సిలరేటర్ తాకగానే ఒక్కసారి వదులుతుంది. ఆ కుదుపుకు వెనుక గోడ అందుతుంది.

హిల్ హోల్డ్ లేదా హిల్ స్టార్ట్ అసిస్ట్ అనే మూడో పేరు కూడా వింటారు. ఇది ఎక్కుడులో ఆగిన బండిని, కాలు బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీదికి వెళ్లేలోగా, సుమారు రెండు సెకన్లు మాత్రమే పట్టుకుంటుంది. ఆ తర్వాత చెప్పకుండా వదిలేస్తుంది. మాన్యువల్ గేరు కారులో హాఫ్ క్లచ్ అలవాటు కాని కొత్త డ్రైవరుకు ఆ రెండు సెకన్లు చాలు. అక్కడే ఆగి ఫోన్ చూసుకోవడానికి చాలవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎక్కుడులో ఆగిన కారును (అ) కాలి బ్రేకు, (ఆ) ఆటో హోల్డ్, (ఇ) ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు పట్టుకుని ఉన్నాయి. బ్యాటరీ తీగ ఒక్కసారిగా ఊడిపోతే ఒక్కో సందర్భంలో ఏం జరుగుతుందో కారణంతో రాయండి.

7.5 పి గేరు, పార్కింగ్ బ్రేకు: ఏది ముందు?

ఆటోమేటిక్ కార్లలో గేరును పి లో పెడితే చాలు కదా, వేరే బ్రేకు ఎందుకు అని అడిగేవారున్నారు. పి లో పెట్టినప్పుడు గేరు పెట్టె లోపల ఒక పళ్ల చక్రం సందులోకి వేలంత ఇనుప కొక్కెం దిగుతుంది. అంతే. వాలులో ముందుగా పి లో పెట్టి, కాలు తీసి, తర్వాత బ్రేకు వేస్తే, బండి కొద్దిగా జారి తన బరువంతా ఆ కొక్కెం మీద వేసి కూర్చుంటుంది. మళ్లీ బయలుదేరేటప్పుడు గేరు గట్టిగా ‘టక్’ మని ఊడటం మీరు విని ఉంటారు. పళ్ల మీద పడిన భారం విడిపోయే చప్పుడు అది.

సరైన వరస ఇది: కాలి బ్రేకు మీద పూర్తిగా ఆగండి. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, పార్కింగ్ బ్రేకు వేయండి. ఇప్పుడు కాలును నెమ్మదిగా తీసి, బండి భారం పార్కింగ్ బ్రేకు మీద కుదురుకోనివ్వండి. కదలలేదని చూశాక మళ్లీ కాలు నొక్కి పి లో పెట్టండి. అలా చేస్తే భారం మోసేది బ్రేకు, కొక్కెం కేవలం కాపలా. కాలు తీసి చూసే ఆ ఒక్క క్షణం మీ పార్కింగ్ బ్రేకుకు రోజూ ఉచితంగా జరిగే పరీక్ష కూడా. మాన్యువల్ గేరు కారయితే ఇంజను ఆపిన తర్వాత, ఎక్కుడు వైపు ముఖం ఉంటే మొదటి గేరులో, దిగుడు వైపు ఉంటే రివర్స్ గేరులో ఉంచాలి.

పార్కింగ్ బ్రేకుకు ఒక ప్రమాణం ఉంది. పూర్తి బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద పైకైనా కిందికైనా నిలిపి ఉంచగలగాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 13-హెచ్ చెబుతుంది. 20 శాతం అంటే సుమారు 11 డిగ్రీలు. ఇది కొత్త బ్రేకు సంగతి. ప్యాడ్లు అరిగి, డిస్కు మీద నూనె పడిన బ్రేకుకు ఆ హామీ లేదు. పైగా దూరం నడిపి వచ్చిన బండి డిస్కులు వేడెక్కి ఉంటాయి. చల్లారేటప్పుడు లోహం సంకోచిస్తుంది, పట్టు కొద్దిగా సడలుతుంది. కొన్ని కార్లు దీన్ని గ్రహించి కాసేపటి తర్వాత మోటారును మళ్లీ బిగిస్తాయి. ఇంజను ఆపిన పది నిమిషాలకు ఎవరూ లేని కారులోంచి ‘జ్‌జ్’ మని వినిపిస్తే కంగారు పడకండి. పాత లివరుకు ఈ తెలివి లేదు. కాబట్టి ఘాట్ రోడ్డు దిగి వచ్చిన వెంటనే వాలులో నిలపవలసి వస్తే చక్రం కింద రాయి పెట్టే మన లారీ డ్రైవర్ల అలవాటు నేటికీ సరైనదే. బయలుదేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీద వదిలి వెళ్లే అలవాటు మాత్రం కాదు. రాత్రి వెనుక వచ్చే మోటారు సైకిలుకు అదే మృత్యువు.

టైరు మార్చేటప్పుడు ఈ విషయం ప్రాణం మీదికి రావచ్చు. మన దేశంలో ఎక్కువ చిన్న కార్లకు ఇంజను శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది. పి గేరు పట్టుకునేది ఆ ముందు చక్రాలనే. జాకీతో ఒక ముందు చక్రాన్ని గాలిలోకి లేపగానే, రెండు చక్రాల మధ్య ఉన్న డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, నేల మీద ఉన్న చక్రం దొర్లడానికి అడ్డు లేకుండా పోతుంది. అంటే పి లోనే ఉన్నా బండి జాకీ మీద నుంచి జారవచ్చు. అప్పుడు దాన్ని పట్టుకోగలది వెనుక చక్రాల పార్కింగ్ బ్రేకు ఒక్కటే. అది వేయకుండా, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టకుండా జాకీ తిప్పకండి.

7.6 పార్కింగ్ సెన్సార్లు

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లలో వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. వెనుక బంపర్‌లో గుండ్రటి బొత్తాల్లా కనిపించేవి అవే. గబ్బిలం పద్ధతిలో మనకు వినపడని ధ్వనిని పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయాన్ని లెక్కిస్తాయి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కనుక ఒక మీటరు దూరంలోని గోడ నుంచి ప్రతిధ్వని 6 మిల్లీసెకన్లలో తిరిగి వస్తుంది.

గోడలకు ఇవి బాగా పనిచేస్తాయి. సన్నని ఇనుప కడ్డీ, వేలాడే తాడు, బంపర్ కంటే తక్కువ ఎత్తులో ఉన్న రాయి, ధ్వనిని పీల్చుకునే మందపాటి గుడ్డ వీటికి సరిగా అందకపోవచ్చు. బంపర్ కిందుగా కూర్చుని ఆడుకునే పసిబిడ్డ కూడా అందకపోవచ్చు. కెమెరా ఉన్నా, వాన చినుకు పడిన అద్దంలో ఏమీ కనపడదు. ఇంట్లో చిన్నపిల్లలున్నవారు కారు తీసే ముందు పిల్లలు ఎక్కడున్నారో పేరు పెట్టి పిలిచి తెలుసుకుని, వెనుక నుంచి ఒకసారి నడిచి వచ్చి సీట్లో కూర్చోవాలి. ఈ పనికి ఇప్పటివరకు ఏ సెన్సారూ ప్రత్యామ్నాయం కాలేదు.

7.7 నడుస్తున్న కారులో సహాయకులు

ఇక రోడ్డు మీదికి వద్దాం. షోరూముల్లో ఏడాస్ అని పిలిచే వ్యవస్థలకు సాధారణంగా రెండు కళ్లుంటాయి. ముందు అద్దం లోపలి వైపు, వెనక చూసే అద్దం దగ్గర ఉన్న కెమెరా ఒకటి. ముందు గ్రిల్ లేదా బంపర్ వెనుక ఉన్న రాడార్ రెండోది. రాడార్ సుమారు 77 గిగాహెర్ట్జ్ తరంగాలను పంపుతుంది, వాటి తరంగదైర్ఘ్యం 4 మిల్లీమీటర్ల లోపే. తిరిగి వచ్చిన తరంగం ఆలస్యాన్ని బట్టి దూరం, పౌనఃపున్యంలో వచ్చిన మార్పును బట్టి ముందు బండి వేగం తెలుస్తాయి. దూరం నుంచి వచ్చే రైలు కూత మారినట్టు వినిపించడానికి కారణమైన డాప్లర్ ప్రభావమే ఇది. కెమెరా ఆ ఎదురుగా ఉన్నది లారీనా, మనిషా, గీతా అని గుర్తుపడుతుంది.

ఆయుధపూజ రోజున కారు ముందు పెద్ద బంతిపూల దండ కట్టి, పసుపు కుంకుమలు అద్ది, నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడదీసి హైవే ఎక్కేవారు ఈ రెండు కళ్లు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోవాలి. పూజ చేయడం తప్పేమీ కాదు, రాడార్ మూత మీద పూత ఉండిపోకూడదు, అంతే. ఫాస్టాగ్ స్టిక్కరునూ దేవుడి బొమ్మనూ కెమెరా ముందు అంటించకూడదు.

అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ మీరు పెట్టిన వేగాన్ని నిలుపుతూ, ముందు బండి నెమ్మదిస్తే దూరం పాటిస్తుంది. ఈ దూరాన్ని మీటర్లలో కాక సెకన్లలో లెక్కిస్తారు. మన రోడ్ల మీద ఒక చిక్కు ఉంది. దూరం ఎక్కువ పెడితే ఆ సందులోకి ఆటో దూరుతుంది, మీ కారు బ్రేకు వేస్తుంది, వెనుక ఉన్నవారు దాన్ని ఊహించరు. అలాగని దూరం తగ్గిస్తే అసలు ప్రయోజనమే పోతుంది. నా అభిప్రాయంలో ఊరి లోపల ఈ వ్యవస్థను వాడకపోవడమే మేలు. గీతలు స్పష్టంగా ఉండి, రద్దీ తక్కువగా ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు వంటి చోట అది నిజంగా అలసట తగ్గిస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో మాత్రం వద్దు. మలుపులో రాడార్ ముందు బండిని కోల్పోయి, దారి ఖాళీ అయిందనుకుని వేగం పెంచవచ్చు. అనంతగిరి దిగేటప్పుడు కావలసింది తక్కువ గేరు, ఇంజను బ్రేకింగ్.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి ఇది: ఆగి ఉన్న బండి. కదులుతున్న లారీని రాడార్ తేలిగ్గా పట్టుకుంటుంది. ఆగి ఉన్న లారీ నుంచి వచ్చే ప్రతిధ్వనికీ, వంతెన స్తంభం, సైన్‌బోర్డు, రోడ్డు మీది ఇనుప మూత నుంచి వచ్చే ప్రతిధ్వనికీ తేడా తక్కువ. ప్రతి బోర్డుకూ బ్రేకు వేసే కారును ఎవరూ కొనరు కనుక, ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు మొదటి నుంచీ కదలకుండా ఉన్న వస్తువులను వ్యవస్థ పెద్దగా లెక్కచేయకుండా తయారుచేస్తారు. కెమెరా సాయంతో ఈ లోపం తగ్గుతోంది గాని పోలేదు. ఇప్పుడు రాత్రి పదకొండు గంటలకు మన జాతీయ రహదారిని ఊహించుకోండి. వెనుక దీపాలు లేని ట్రాక్టరు, టైరు పేలి సగం రోడ్డు మీదే నిలిచిన లారీ, ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు, దాటుతున్న గేదెలు. మన రోడ్డు మీద ప్రాణాలు తీసేవీ, యంత్రానికి సరిగా కనపడనివీ చాలావరకు ఒకటే జాబితా.

లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ప్రమాదాన్ని చూసి బ్రేకు మీదికి కాలు రావడానికి ఒకటిన్నర సెకను పడితే 42 మీటర్లు అప్పటికే పోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం సుమారు 97. డిప్‌లో ఉన్న హెడ్‌లైటు వెలుగు సాధారణంగా అంత దూరం పోదు. క్రూయిజ్ కంట్రోల్ మీద కాలు మడిచి కూర్చున్న డ్రైవరుకు రెండున్నర సెకన్లు పడితే ఈ మొత్తం 125 మీటర్లవుతుంది. తనంతట తాను బ్రేకు వేసే అత్యవసర వ్యవస్థ అప్పుడు పనిచేసినా, ఢీకొనడాన్ని తప్పించకపోవచ్చు, ఢీకొనే వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది. అదీ చిన్న మేలు కాదు. వేగం సగమైతే గతిశక్తి నాలుగో వంతు అవుతుంది కదా.

లేన్ పట్టి ఉంచే సహాయం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గీతలున్న చోట ఉంటుంది, లేని చోట ఉండదు. గుంట తప్పించడానికి మీరు స్టీరింగు తిప్పితే అది వెనక్కి లాగవచ్చు, అప్పుడు మీ చేతి బలమే గెలవాలి, గెలుస్తుంది కూడా.

7.8 చూస్తూ కూర్చోవడం ఎందుకు కష్టం

అమెరికాలోని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ వాహన స్వయంచాలకతను 0 నుంచి 5 వరకు ఆరు స్థాయులుగా విభజించింది. మన మార్కెట్లో గొప్పగా చెప్పే ‘లెవెల్ 2’లో వేగం, స్టీరింగు రెండింటికీ యంత్రం సాయపడుతుంది. రోడ్డును చూసే పని మాత్రం పూర్తిగా డ్రైవరుదే. లెవెల్ 2 అంటే రెండింతల భద్రత అని కాదు.

పని యంత్రానికిచ్చి పర్యవేక్షణ మనిషికివ్వడంలో ఉన్న చిక్కును లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో రాసిన వ్యాసంలో వివరించారు. యంత్రం ఎంత బాగా పనిచేస్తే మనిషి అంతగా చేయి మరచిపోతాడు, కానీ అతని అవసరం పడేది యంత్రానికి చేతకాని అతి కష్టమైన క్షణంలోనే. అంతకు చాలా ముందు, 1948లో, నార్మన్ మాక్‌వర్త్ రాడార్ తెర చూసే సైనికుల పనిని గడియారం ముల్లుతో అనుకరించి పరీక్షించారు. అరుదుగా వచ్చే మార్పును పట్టుకోవడంలో మనిషి చురుకు మొదటి అరగంటలోనే తగ్గిపోతుందని తేలింది. సైనికులు సోమరులు కాదు, మనిషి మెదడు తీరు అది.

2016 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఆటోపైలట్ అనే సహాయక వ్యవస్థ మీద నడుస్తున్న టెస్లా కారు, రోడ్డు దాటుతున్న ట్రక్కు ట్రైలర్ కిందికి దూసుకుపోయింది. డ్రైవరు మరణించారు. కారు గాని మనిషి గాని బ్రేకు వేయలేదు. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి, ట్రక్కు డ్రైవరు దారి ఇవ్వకపోవడంతో పాటు, కారు డ్రైవరు యంత్రం మీద అతిగా ఆధారపడటాన్నీ, అలా ఆధారపడనిచ్చిన వ్యవస్థ రూపకల్పననూ కారణాలుగా చూపింది. ఆ రెండో మాట మరువరాదు. తప్పంతా డ్రైవరు మీదికి తోయడం తేలిక, కానీ చేతులు తీసినా చాలాసేపు ఊరుకునే యంత్రం మనిషికి ఒక అలవాటును నేర్పుతుంది. స్టీరింగుకు నీళ్ల సీసా వేలాడదీసి హెచ్చరికను మోసం చేసేవారు ఆ అలవాటుకు చివరి మెట్టు మీద ఉన్నారు.

ఆచరణలో కొన్ని పనులు ఉపకరిస్తాయి. క్రూయిజ్ ఆన్ చేసినా చేతులు స్టీరింగు మీద, కాలు బ్రేకుకు దగ్గరగా ఉంచండి. రాత్రి, వాన, మంచు ఉన్నప్పుడు దాన్ని ఆపి మీరే నడపండి. పావుగంటకోసారి కాసేపు మీరే నడిపితే చేయీ కన్నూ మేలుకుంటాయి. కాలి బ్రేకు పూర్తిగా విఫలమైతే, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు స్విచ్‌ను లాగి పట్టుకుని ఉంచండి. చాలా కార్లలో అప్పుడు వ్యవస్థ చక్రాలు ఒక్కసారిగా బిగుసుకోకుండా అదుపుగా బండిని ఆపుతుంది. వదిలితే బ్రేకింగ్ ఆగిపోతుంది. పాత లివరును మాత్రం అలా ఒక్క ఊపులో లాగకూడదు. వెనుక చక్రాలు బిగిసి బండి అడ్డం తిరుగుతుంది. బొత్తాన్ని నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగాలి.

7.9 అభ్యాసం

1. మీ ఇంట్లోని, లేదా మీకు తెలిసినవారి కారు మాన్యువల్ తీసుకుని, ఆటో హోల్డ్ ఏయే షరతులకు పార్కింగ్ బ్రేకుగా మారుతుందో వెతికి రాయండి. కారు లేనివారు మీ వీధిలోని టాక్సీ డ్రైవరును అడిగి, ఆయన చెప్పినదాన్ని మాన్యువల్‌తో పోల్చండి.

2. గంటకు 80 కిలోమీటర్ల వేగానికి 7.7లోని లెక్కను తిరిగి చేయండి. తడి రోడ్డు మీద బ్రేకు దూరం ఒకటిన్నర రెట్లు అవుతుందని తీసుకోండి.

3. ముందు చక్రాలకు శక్తి అందే ఆటోమేటిక్ కారు 8 శాతం ఎక్కుడులో ఆగింది. కుడి ముందు టైరు మార్చాలి. బ్యాటరీ బలహీనంగా ఉంది. వెనుక సీట్లో ఒక వృద్ధురాలు కూర్చుని ఉన్నారు. డ్రైవరు చేయవలసిన పనులను వరసగా, ప్రతి పనికీ ఆ క్షణంలో బండిని పట్టుకుని ఉన్నది ఏదో చెబుతూ రాయండి.